పైసాకు ఒక ఉత్తరం

చిన్న పత్రికలు నడిపిన ఇళ్లలో నెలకోసారి పెళ్లిపందిరి లాంటి హడావుడి ఉండేది. ప్రెస్సు నుంచి కట్టలు దిగగానే ఇంటిల్లిపాదీ చాప మీద చేరేవారు. ఒకరు మైదా ఉడకబెట్టి జిగురు చేస్తే, ఇంకొకరు పత్రిక మడిచి కాగితపు పట్టీ చుట్టేవారు, మరొకరు విలాసాలు అంటించేవారు. పట్టీ మీదో, చివరి పేజీ అడుగునో తపాలా శాఖ వారి రిజిస్ట్రేషన్ నంబరు ఉండేది. సంపాదకుడి ప్రాణమంతా ఆ నంబరులోనే. అది ఉంటే 50 గ్రాముల లోపు ప్రతికి 25 పైసల బిళ్ల సరిపోయేది. లేకపోతే మామూలు టపా రేటు కట్టాలి. ఆ రేటుతో రెండు సంచికలు పంపేసరికి మూడో సంచికకు కాగితం కొనే డబ్బు ఉండేది కాదు.

ఆ నంబరు అడిగినవాళ్లందరికీ ఇచ్చేవారు కాదు. 1898 నాటి భారత తపాలా చట్టం తొమ్మిదో సెక్షన్‌లో అందుకు షరతులుండేవి. పత్రికలో వార్తలో, వర్తమాన విషయాలో ఉండాలి. 31 రోజులకు మించని ఎడంతో వెలువడుతూ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యంగా దానికి నికరమైన చందాదారుల జాబితా ఉండాలి. ఈ చివరి షరతు దగ్గర కాస్త ఆగుదాం. సర్కారు టపా బండిలో చవగ్గా చోటు కావాలంటే, ఈ పత్రిక కోసం ఎవరో నిజంగా ఎదురుచూస్తున్నారని చూపించాలన్నమాట. అడగని వాళ్ల గుమ్మంలో పడేసే కాగితాలకు రాయితీ లేదు.

ఈ అధ్యాయం ఈమెయిల్ గురించి. వేలమంది చందాదారులకు ఒకేసారి మెయిల్ పంపాలంటే చవకైన దారి ఏది అన్నది ప్రశ్న. తపాలా చట్టాన్ని ఎందుకు తవ్వానంటే, 2024లో జీమెయిల్, యాహూ సంస్థలు పెట్టిన కొత్త నిబంధనలు చదువుతున్నప్పుడు నాకు ఆ పాత షరతే మళ్లీ కనిపించింది. అక్కడికి వెళ్లేలోపు డబ్బు లెక్క తేల్చుకుందాం.

మన దగ్గర ఒక వారపత్రిక ఉందనుకోండి. చందాదారులు 20,000 మంది, నెలకు నాలుగు సంచికలు, మొత్తం 80,000 ప్రతులు. పాత రాయితీ టపాలో ప్రతికి 25 పైసల చొప్పున నెలకు 20,000 రూపాయలు. కాగితం, అచ్చు, మైదా వేరే. ఇవే 80,000 ప్రతులను అమెజాన్ సంస్థ 2011లో మొదలుపెట్టిన ఎస్ఈఎస్ అనే మెయిల్ సేవ ద్వారా పంపితే వెయ్యింటికి 10 సెంట్లు, అంటే 8 డాలర్లు. డాలరు 90 రూపాయలనుకుంటే 720. ఒక్కో ఉత్తరానికి ఒక పైసా కూడా పడలేదు.

ఇంత చవక ఎలా సాధ్యం? రెండు మెయిల్ యంత్రాలు మాట్లాడుకునే తీరు చూస్తే తెలుస్తుంది. ఆ మాటల పద్ధతిని ఎస్ఎంటీపీ అంటారు. జోనథన్ పోస్టెల్ 1982 ఆగస్టులో దాన్ని రాసిపెట్టారు. పంపే యంత్రం ముందు అవతలి యంత్రం తలుపు తట్టి హెలో అంటుంది. తన పేరు చెబుతుంది. ఈ ఉత్తరం ఫలానావారి నుంచి, ఫలానావారికి అంటుంది. అవతలిది ఒక్కో మాటకూ 250 అని బదులిస్తుంది, అంటే సరే అని. ఉత్తరం చదివి వినిపించి, చివర ఒక వరుసలో ఒంటరి చుక్క పెడితే అయిపోయినట్టు. ఈ సంభాషణ మొత్తం రెప్పపాటులో ముగుస్తుంది. ఇందులో స్టాంపు అడిగే మాట ఎక్కడా లేదు. అంతకంటే వింత, నువ్వెవరో రుజువు చూపించు అనే మాట కూడా లేదు. ఫలానావారి నుంచి అన్నచోట ఎవరి పేరైనా చెప్పొచ్చు. ఆ రోజుల్లో ఆర్పానెట్ అనే వలలో ఉన్నవి కొన్ని వందల యంత్రాలు. ఊళ్లో అందరికీ అందరూ తెలిసినప్పుడు గుర్తింపు కార్డులు ఎవరడుగుతారు?

నిజానికి దుర్వినియోగం ఎస్ఎంటీపీ కంటే పాతదే. 1978 మే 3న డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో అమ్మకాలు చూసే గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని అమెరికా పశ్చిమ తీరంలోని దాదాపు 400 మందికి ఒకే మెయిల్ పంపించారు. ఆర్పానెట్ వాడుకదారుల అచ్చు జాబితా ముందు పెట్టుకుని విలాసాలన్నీ చేత్తో కొట్టించారు. మెయిల్ ప్రోగ్రాంలో గ్రహీతల గడికి ఒక హద్దు ఉంది. 320 విలాసాలతో అది నిండిపోయింది. మిగిలినవి పొంగి ఉత్తరం ఒంట్లోకి దిగాయి. దాంతో మెయిల్ తెరిచినవాళ్లకు ప్రకటన కంటే ముందు ఊరివాళ్ల పేర్ల చిట్టా దర్శనమిచ్చింది. ప్రభుత్వ పనుల కోసం పెట్టిన వలలో వ్యాపారమా అని నిర్వాహకులు మండిపడ్డారు. ఆ ఒక్క ఉత్తరంతో కోటికి పైగా డాలర్ల సరుకు అమ్ముడుపోయిందని థర్క్ తర్వాత చెప్పుకున్నారు. స్పామ్ ఎందుకు పోదు అని ఎవరైనా అడిగితే ఆ అంకె చూపిస్తే చాలు.

అడిగి తెప్పించుకునే గుంపు ఉత్తరాలకు వేరే చరిత్ర ఉంది. 1986లో పారిస్‌లో చదువుకుంటున్న ఎరిక్ తోమా లిస్ట్‌సర్వ్ అనే ప్రోగ్రాం రాశారు. అప్పట్లో ఖరీదంతా తీగదే. విశ్వవిద్యాలయాలను కలిపే బిట్‌నెట్‌లో అట్లాంటిక్ దాటే లైన్లు సన్నవి, నెమ్మదైనవి. యూరప్‌లో 300 మంది సభ్యులుంటే ఒకే ఉత్తరం 300 సార్లు సముద్రం దాటడమంటే దండగ. లిస్ట్‌సర్వ్ ఒక్క ప్రతిని మాత్రం దాటించి, అవతలి ఒడ్డున పంచి పెట్టించేది. మన దినపత్రికల కట్టలు రాత్రి వ్యానులో రాజమండ్రి దాకా ఒకటిగా వెళ్లి, తెల్లారుజామున బస్టాండులో విడిపోయి పల్లెలకు సైకిళ్లెక్కినట్టు.

తెలుగువాళ్ల ఇంటర్నెట్ జీవితం మొదలైంది కూడా ఇలాంటి గుంపు ఉత్తరాలతోనే. 1990ల్లో అమెరికాలో చదువుకుంటున్నవాళ్లు, తర్వాత తెలుసా, రచ్చబండ లాంటి వేదికల్లో చేరినవాళ్లు పద్యాల మీద, ఛందస్సు మీద గంటలకొద్దీ తగువులాడుకున్నారు, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో. రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి వాళ్లకు ఆసరా. దీనికి కారణం సగం కంప్యూటర్లది, సగం పోస్టెల్ గారిది. 1982 నాటి ఎస్ఎంటీపీ ఏడు బిట్ల ఇంగ్లీషు అక్షరాలను తప్ప మరి దేన్నీ మోయదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తెలుగు మెయిల్ బరువు దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఇప్పుడు తీగ చవకైంది. అందుకే లిస్ట్‌సర్వ్ పొదుపు తలకిందులైంది. నేటి పత్రికలు 20,000 మందికి 20,000 వేర్వేరు ఉత్తరాలు పంపుతాయి. ఒక్కోదాంట్లో ఆ పాఠకుడికి మాత్రమే చెందిన చందా రద్దు లంకె ఉంటుంది, తిరిగొస్తే ఎవరిదో పోల్చుకునే గుర్తు ఉంటుంది. ఖరీదు తీగ నుంచి మరో చోటికి మారింది. ఎక్కడికో తెలియాలంటే స్పామ్ వ్యాపారుల జమాఖర్చులు చూడాలి.

2008లో శాన్ డియాగో, బర్క్‌లీల్లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆ పుస్తకం దొంగచాటుగా తెరిచారు. స్టార్మ్ అనే దొంగ వల ఒకటి ఎన్నో ఇళ్ల కంప్యూటర్లను వాటి యజమానులకు తెలియకుండా మెయిళ్లు పంపడానికి వాడుకుంటోంది. వీళ్లు దాని లోపలికి చొరబడి, మందుల ప్రకటనల్లోని లంకెలను తాము కట్టిన ఉత్తుత్తి దుకాణానికి మళ్లించారు. 26 రోజుల్లో సుమారు 35 కోట్ల మెయిళ్లు వెళ్లాయి. కొనడానికి సిద్ధపడినవాళ్లు 28 మంది. కోటీ ఇరవై లక్షలకు పైగా ఉత్తరాలకు ఒక బేరం! మన 25 పైసల బిళ్ల అంటించాల్సి వస్తే ఒక్క గిరాకీ కోసం 30 లక్షల రూపాయలకు పైనే పెట్టాలి. స్టాంపు లేదు కాబట్టే ఈ వ్యాపారం ఉంది.

అయితే స్టాంపు పెడదాం అన్నవాళ్లు లేకపోలేదు. 1992లో సింథియా డ్వార్క్, మోనీ నావోర్ డబ్బు అక్కర్లేని స్టాంపును ఊహించారు. ప్రతి ఉత్తరానికీ పంపేవాడి కంప్యూటర్ ఒక చిక్కులెక్క చేసి జవాబు జత చేయాలి. లెక్క చేయడానికి కొన్ని సెకన్లు పడుతుంది, సరిచూడటానికి క్షణం చాలు. స్నేహితుడికి ఒక ఉత్తరం రాసేవాడికి అది బరువనిపించదు, కోట్లలో పంపేవాడు కూలబడతాడు. 1997లో ఆడమ్ బ్యాక్ హాష్‌క్యాష్ పేరుతో ఇలాంటిదాన్నే ఆచరణలోకి తెచ్చారు. మెయిల్ లోకం మాత్రం ఒప్పుకోలేదు. ఉత్తరానికి పది సెకన్లనుకున్నా మన వారపత్రిక ఒక్క సంచికకు 55 గంటల లెక్క చేయాలి. దొంగ వల వాడుకునేది పరాయి కంప్యూటర్లను, కాబట్టి వాడికేం పట్టదు. శిక్ష పడేది పెద్దమనిషికి. ఆ చిక్కులెక్క తర్వాత బిట్‌కాయిన్‌లో చేరి వేరే రకంగా బతికిపోయింది, అది ఇక్కడి కథ కాదు. 2004లో బిల్ గేట్స్ మరో రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని దావోస్‌లో చెప్పారు. ఆయన మెయిల్ పెట్టె సంగతి నాకు తెలియదు గానీ నాది ఈ ఉదయం కూడా నిండుగానే ఉంది.

స్టాంపు కుదరకపోయేసరికి లోకం పరపతిని ఆశ్రయించింది. కిరాణా కొట్టులో ఖాతా లాంటిదే ఇది. నువ్వెవరో తెలియాలి, ఇదివరకు ఎలా మసలుకున్నావో గుర్తుండాలి. తెలియడానికి మూడు ఏర్పాట్లు వచ్చాయి. ఉత్తరానికి ఉన్నట్టే మెయిల్‌కూ కవరు వేరు, లోపలి కాగితం వేరు. కవరు మీద పంపినవారి పేరు ఒకటి, కాగితం మీద ఇంకొకటి ఉండొచ్చు. ఎస్‌పీఎఫ్ అనే ఏర్పాటులో, మా పేరుతో కవర్లు పంపే హక్కు ఫలానా యంత్రాలకే ఉంది అని ఒక డొమైన్ యజమాని డీఎన్ఎస్ అనే బహిరంగ చిట్టాలో రాసి పెడతాడు. డీకిమ్ ఉత్తరానికి ముద్ర లాంటిది. పంపేవాడి దగ్గరున్న రహస్య తాళంచెవితో ముద్ర పడుతుంది, దాన్ని సరిచూసే జోడు చెవి అదే చిట్టాలో అందరికీ దొరుకుతుంది. దారిలో ఒక్క అక్షరం మారినా ముద్ర చెదురుతుంది. 2012లో వచ్చిన డీమార్క్ ఈ రెంటినీ పాఠకుడికి కనిపించే పేరుతో ముడిపెట్టి, పొసగని ఉత్తరాన్ని ఏం చేయాలో యజమాని చేతే చెప్పిస్తుంది. మూడూ కలిపి చిట్టాలో నాలుగైదు వరుసల రాత. ఖర్చు సున్నా. ఇవి లేకుండా మూకుమ్మడి మెయిల్ పంపబోయేవాళ్లకు నేనిచ్చే సలహా ఒకటే, పంపడానికి పెట్టే డబ్బుతో టీ తాగండి.

ఇక మసలుకున్న తీరు. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ తన వాడుకదారులకు రోజుకు 5,000కు మించి మెయిళ్లు పంపే ప్రతివారికీ ఈ మూడు ఏర్పాట్లనూ తప్పనిసరి చేసింది. యాహూ కూడా అదే బాట పట్టింది. ఒక్క నొక్కుతో చందా మానుకునే వీలుండాలి, మానుకున్నవాళ్ల పేరు రెండు రోజుల్లో తీసేయాలి. అన్నిటికీ మించి, ఇది స్పామ్ అని మీట నొక్కేవాళ్లు వెయ్యికి ముగ్గురిని చేరకూడదు, ఒక్కరికి లోపే ఉంటే మంచిది. లెక్క సులువు కోసం మన చందాదారులంతా జీమెయిల్ వాళ్లే అనుకుందాం. 20,000 మందిలో 60 మంది విసుక్కుంటే చాలు, మిగిలిన 19,940 మంది ఆత్రంగా చూస్తున్నా మన సంచిక స్పామ్ గోతిలోకి జారడం మొదలవుతుంది. 1898 చట్టం అడిగిన నికరమైన జాబితా ఇదే. అప్పుడు పోస్టుమాస్టరు రిజిస్టరు తిరగేసి చూసేవారు, ఇప్పుడు పాఠకుల బొటనవేళ్లు తేలుస్తున్నాయి.

ఈ సంగతి మనసులో పెట్టుకుంటే చవక దారుల్లో ఏది నిజంగా చవకో తెలుస్తుంది. అందరూ మొదట ప్రయత్నించేది సొంత ఉచిత జీమెయిల్ ఖాతా, అందులో రహస్య ప్రతి గడి. రోజుకు 500 దాటనివ్వదు. 20,000 మందికి ఒక సంచిక అందేసరికి 40 రోజులు, ఈలోగా ఐదు కొత్త సంచికలు తయారై గుమ్మంలో నిలబడతాయి. రెండో ఆలోచన, ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌నే మెయిల్ యంత్రంగా మార్చడం. పోస్ట్‌ఫిక్స్ లాంటి మంచి ప్రోగ్రాంలు ఉచితంగా దొరుకుతాయి, కరెంటు ఖర్చే. కానీ ఇంటి ఇంటర్నెట్ ఐపీ చిరునామాల నుంచి నేరుగా మెయిల్ రాకూడదని స్పామ్‌హాస్ లాంటి సంస్థలు జాబితాలు కట్టి ఉంచాయి. మెయిల్ యంత్రాలు తలుపు తీసే ముందు వాటిని చూస్తాయి. క్లౌడ్‌లో అద్దె యంత్రం తీసుకున్నా మెయిల్ వెళ్లే 25వ నంబరు ద్వారం చాలాచోట్ల మూసే ఉంటుంది. పరపతి లేని కొత్త చిరునామా నుంచి ఒక్కసారిగా 20,000 ఉత్తరాలు బయల్దేరితే దొంగ వలకూ దానికీ తేడా ఎవరికీ కనిపించదు.

మూడోది, మెయిల్‌చింప్ తరహా తయారు సేవలు. అందమైన నమూనాలుంటాయి, పరపతి బాధ వాళ్లు మోస్తారు. కానీ లెక్క తలకింత చొప్పున ఉంటుంది. ఎన్ని ఉత్తరాలు పంపారని కాక జాబితాలో ఎందరున్నారని డబ్బడుగుతారు. 20,000 మందికి నెలకు వంద డాలర్లు దాటడం మామూలే. మెయిల్‌చింప్‌లోనైతే చందా మానుకున్నవాళ్ల పేర్లు తొలగించకుండా వదిలేస్తే వాళ్లు కూడా లెక్కలోకి వస్తారు. ఐదారు వందల మంది పాఠకులున్నవాళ్లకు ఇవి సుఖం. పెద్ద జాబితా, చిన్న జేబు ఉన్నవాళ్లకు నాలుగో దారి ఉంది. జాబితాను చూసుకునే ప్రోగ్రాం మనది, ఉత్తరాలు మోసేది ఎస్ఈఎస్ లాంటి టోకు రవాణాదారు.

ఆ ప్రోగ్రాంలలో నాకు నచ్చింది లిస్ట్‌మంక్. బెంగళూరు బ్రోకరేజీ సంస్థ జిరోధాలో సాంకేతిక విభాగం చూసే కైలాష్ నాధ్ దీన్ని రాసి 2019లో అందరికీ ఉచితంగా వదిలారు. లక్షల ఖాతాదారులకు మెయిళ్లు పంపాల్సిన అవసరంలోంచి పుట్టింది కాబట్టి తిండి తక్కువ, పని ఎక్కువ. 70 లక్షలకు పైగా మెయిళ్లు పంపుతున్నప్పుడు అది తీసుకున్న మెమరీ గరిష్ఠంగా 57 ఎంబీ అని వాళ్ల సైటులోనే రాసుకున్నారు. నెలకు ఐదారు డాలర్ల అద్దె యంత్రం దానికి రాజభవనం. కోడ్ చూస్తేనే భయపడేవాళ్లకు సెండీ ఉంది, అది ఎస్ఈఎస్ మీదే నడుస్తుంది, ఒక్కసారి కొంటే చాలు. ఇలా మన వారపత్రిక ఖర్చు అద్దెతో కలిపి నెలకు 1,200 రూపాయల దగ్గర తేలుతుంది. సెకనుకు 14 చొప్పున పంపే అనుమతి ఉంటే 20,000 ప్రతులకు 24 నిమిషాలు. ఆ వ్యవధిలో మైదా కూడా సరిగ్గా ఉడకదు.

టోకు రవాణాదారు కూడా ముఖం చూసి బొట్టు పెట్టేవాడే. కొత్తగా చేరినవారిని ఎస్ఈఎస్ ఒక ఇసుక తొట్టిలో కూర్చోబెడుతుంది. రోజుకు 200 మెయిళ్లు, అవీ ముందే రూఢి చేసిన విలాసాలకే. బయటికి రావాలంటే అర్జీ పెట్టుకోవాలి. ఈ విలాసాలు ఎలా సేకరించారు, తిరిగొచ్చినవాటిని ఏం చేస్తారు అన్నవాటికి అందులో జవాబులుండాలి. వచ్చాక కూడా తిరుగుటపా నూటికి 5 దాటితే విచారణ, 10 దాటితే పంపకం ఆపేయడం. కాబట్టి ఐదేళ్ల కిందటి సభలో పుస్తకంలో రాయించుకున్న విలాసాలన్నిటికీ ఒకేసారి పంపడం ఆత్మహత్యే. ముందు ఈ మధ్య జవాబిచ్చినవాళ్లకు, తర్వాత కొంచెం పాతవాళ్లకు, ఇలా వారాల తరబడి మెల్లగా పెంచాలి. లక్షల మెయిల్ విలాసాలు చవగ్గా ఇస్తామనే ప్రకటనల జోలికి అసలు పోవద్దు. అందులో ఎవరికీ చెందని విలాసాలు కొన్ని ఎరగా వేసి ఉంటాయి. వాటికి ఉత్తరం వెళ్లిందంటే జాబితా దొంగదని తేలిపోయినట్టే. 2023 నాటి మన వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా సమ్మతి స్పష్టంగా ఉండాలంటోంది. చందా అడిగినవాళ్లకు ముందు ఒక మెయిల్ పంపి, అందులోని లంకె నొక్కితేనే చేర్చుకోవడం మేలు. కొందరు బద్ధకించి నొక్కరు, జాబితా చిన్నదవుతుంది. అయినా నేను అదే చేస్తాను.

తెలుగులో రాసేవాళ్లకు ఇంకో చిక్కుంది, బరువు. యూనికోడ్‌ను సాధారణంగా దాచే యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగులో ప్రతి అక్షర భాగానికి మూడు. స్త్రీ అన్న ఒక్క అక్షరంలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం కలిసి ఆరు భాగాలు, 18 బైట్లు. పోస్టెల్ నాటి ఏడు బిట్ల దారిలో ఇప్పటికీ నిక్షేపంగా నడవాలంటే వాటిని మళ్లీ ఇంగ్లీషు వేషం వేయించి పంపాలి. బేస్64 వేషంలో 18 కాస్తా 24 అవుతుంది, కోటెడ్ ప్రింటబుల్ వేషంలో 54. తెలుగు మెయిల్‌కు బేస్64 ఎంచుకోవాలని ఇందుకే అంటాను. రెండు వేల మాటల వ్యాసం వేషం వేయకముందే 50 కిలోబైట్లు దాటుతుంది. జీమెయిల్ 102 కిలోబైట్లు దాటిన మెయిల్‌ను మధ్యలో కత్తిరించి, మిగతాది చూడాలంటే ఇక్కడ నొక్కండి అంటుంది. రంగురంగుల నమూనా ఒకటి తగిలించి రెండు వ్యాసాలు పెడితే కోత ఖాయం. కోతలో మొదట పోయేది అడుగున ఉన్న చందా రద్దు లంకె. మానుకుందామనుకున్న పాఠకుడికి అది కనిపించదు, చేతికందిన స్పామ్ మీట నొక్కుతాడు. ఒక గుడి దీర్ఘం మూడు బైట్లు తినడం దగ్గర మొదలైన వ్యవహారం 60 మంది లెక్క దగ్గర తేలుతుంది. వ్యాసం మొదటి నాలుగు పేరాలు మెయిల్‌లో ఇచ్చి మిగతాది సైటులో చదివించడమే నయం.

పాత సంపాదకుల బల్ల సొరుగులో తిరిగొచ్చిన పట్టీల కట్ట ఒకటి ఉండేది. పోస్టుమాన్ వాటి మీద ఇల్లు మారారనో, విలాసదారు లేరనో పెన్సిలుతో గిలికి పంపేవాడు. సంపాదకుడు తీరికప్పుడు రిజిస్టరు తీసి ఆ పేర్లు కొట్టేసేవాడు. మెయిల్ యంత్రాలు ఇదే మాట అంకెల్లో చెబుతాయి. నాలుగుతో మొదలైతే ఇప్పుడు కాదు, తర్వాత రమ్మని. ఐదుతో మొదలైతే ఇక రావద్దని. 550 అంటే చాలాసార్లు అలాంటి పెట్టె లేదనే. తిరుగుటపా ఎవరి పేరు మీద వచ్చిందో తెలిసేలా ప్రతి కవరు మీదా చందాదారు గుర్తు కలిపి తిరుగు విలాసం రాసే ఉపాయాన్ని 1990ల్లో డేనియల్ బెర్న్‌స్టీన్ ప్రచారంలోకి తెచ్చారు. ఇప్పుడు రిజిస్టరు తనంతట తానే దిద్దుకుంటుంది. దిద్దుకోనిది ఇంకొకటుంది, పెట్టె ఉండి మెయిల్ తెరవనివాళ్లు. 2021లో ఆపిల్ తన మెయిల్ యాప్‌లో బొమ్మలను ముందే దించి పెట్టడం మొదలుపెట్టాక ఎవరు తెరిచారో చెప్పే గూఢచారి బొమ్మను నమ్మడానికి లేదు. ఏడాదిలో ఒక్క లంకె నొక్కారా, ఒక్క జవాబు రాశారా అని చూసుకోవాలి. లేదంటే ఇంకా పంపమంటారా అని ఒక ఉత్తరం రాయాలి. జవాబు రాకపోతే పేరు కొట్టేయాలి. ప్రకటనలిచ్చేవాళ్ల ముందు గర్వంగా చెప్పిన 20,000 అప్పుడు 13,000 కావచ్చు. ఆ నెల ఎస్ఈఎస్ బిల్లు 468 రూపాయలు వస్తుంది.